బ్యాటరీ లేని విమానంలో లైటు

దెయ్యాల కథ ఎవరైనా మొదలుపెడితే నవ్వి లేచిపోయే రకం నేను. విశాఖలో నేవీ యుద్ధ విమానాలకు మెకానిక్‌గా చేశాను. కంటికి కనిపించని దాన్ని లెక్కలోకి తీసుకునేవాణ్ణి కాదు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో. విమాన వాహక నౌక మా తీరానికి వస్తే, దాని విమానాలు కొన్ని మా హ్యాంగర్‌కి చేరాయి. అన్నీ పాతవే. విడిభాగాలు నెలల తరబడి రావు. అందుకే పాడైన విమానం ఒకటి మూలన పెట్టి, దాని భాగాలు ఊడదీసి మిగతావాటికి బిగించేవాళ్లం. దాని ఇంజను, బ్యాటరీ ఎప్పుడో తీసేశాం.

ఆ ఉదయం దాని ఇంధన పంపు తీసి, పదకొండింటికి ఎగరాల్సిన విమానానికి బిగించాం. పరీక్షలన్నీ సరిగ్గానే వచ్చాయి. ఎగరొచ్చని సంతకం పెట్టింది నేనే.

తిరిగొచ్చి సామాను సర్దుతుంటే, నాతో పనిచేసే అప్పలరాజు ఆ పాడు విమానం నిచ్చెన మీద నుంచి పిలిచాడు.

"బావా, ఇలా రా. లైటెలుగుతంది."

"ఏ లైటు?"

"పంపుదే. నువ్వే సూడు."

ఎక్కి చూశాను. ఇంధనం ఒత్తిడి పడిపోతే వెలిగే ఎర్ర లైటు. ఎండ తగిలి మెరుస్తోందేమోనని అరచెయ్యి అడ్డం పెట్టాను. చెయ్యి ఎర్రబడింది.

దిగి బ్యాటరీ అర తెరిచాను. ఖాళీ. తీగల కొసలకు మేం చుట్టిన టేపు అలాగే ఉంది. బయటి కరెంటు కూడా తగిలించి లేదు.

"ఆ పంపు..." అన్నాడు అప్పలరాజు.

పరుగెత్తాను. పైలట్ అప్పటికే విమానం ఎక్కుతున్నాడు. ఆపాను. ఆఫీసరు మండిపడ్డాడు. కారణం ఏం చెప్పను? ఇంధనం వాసన వస్తోందన్నాను. అబద్ధం. ఏమీ దొరక్కపోతే నా ఉద్యోగం ఊడేదే.

పంపు దింపి, పగుళ్లు తేల్చే రంగు పూసి చూశాం. అడుగున వెంట్రుకంత పగులు. సముద్రం మీదికి వెళ్లాక విచ్చుకునేది. పైలట్ నా భుజం మీద వేసిన చెయ్యి చాలాసేపు తియ్యలేదు.

మళ్లీ వెళ్లేసరికి ఆ లైటు ఆరిపోయింది. బల్బు ఊడదీశాను. లోపల తీగ తెగి, గాజు మసిబారి ఉంది.

ఎలా వెలిగిందో ఇప్పటికీ తెలియదు. చదువుకున్న ఇంజనీర్లను అడిగాను, వాళ్లూ చెప్పలేకపోయారు. అప్పలరాజు దగ్గర ఆ సంగతి ఎత్తితే ఒకటే మాట.

"ఒగ్గీ బావా. మనిసి బతికినాడు, సాలు."

వాడు ఒగ్గేశాడు. వదిలెయ్యడం నాకే చేతకావడం లేదు.