పంటు మీద ఒక్క కారు

ప్రతి ఆదివారం తాడేపల్లిగూడెం నుంచి ఆకివీడు దాటి ఉప్పుటేటి రేవుకు వెళ్తాను. అవతల లంకలో చిన్న చర్చి ఉంది. అక్కడ పాటలకు హార్మోనియం వాయించేది నేనే. కొల్లేటి తేమకు పెట్టె పాడవుతుందని ఇంట్లోనే ఉంచుకుని వారం వారం మోసుకెళ్తుంటాను. బడి పంతులమ్మగా రిటైరయ్యాను. పెళ్లి చేసుకోలేదు. సోమవారం నుంచి శనివారం దాకా నాతో మాట్లాడేది టీవీ ఒక్కటే, అదీ నా మాట వినిపించుకోదు.

అందుకే నాకు చర్చి కంటే పంటు ఇష్టం. దేవుడు క్షమించాలి. రెండు పడవలు జతచేసి పైన బల్లలు పరిచిన ఆ పంటు మీద మోటారు సైకిళ్లు, పాల క్యాన్లు, చేపల బుట్టలు, నా పాత పెట్రోలు కారు, అన్నీ ఒకచోట ఇరుక్కునేవి. దాటేది కాసేపే. ఆ కాసేపట్లోనే "టీచరుగారండీ, చిక్కిపోయారేంటండీ?" అని ఒకావిడ, "మా వాడికి లెక్కలు రావట్లేదండీ, ఏం చేయమంటారు?" అని ఇంకొకావిడ. వారానికి సరిపడా మాటలు అక్కడే దొరికేవి.

పాత కారు మొరాయించడంతో కరెంటు కారు కొన్నాను. నా తెలివికి నేనే మురిసిపోయాను. సరిగ్గా అప్పుడే, ఎక్కడో సముద్రంలో కార్ల ఓడ తగలబడుతున్న వీడియో రేవులో అందరి ఫోన్లలోకీ వచ్చింది. కరెంటు కారు వల్లే అన్నారు. పంటు నడిపే సరంగు నా కారు చూసి దారికి అడ్డంగా నిలబడ్డాడు.

"ఏమనుకోకండి టీచరుగారండీ. ఈ కారు ఎక్కిందంటే ఇంకెవర్నీ ఎక్కించనండి. వాళ్లందర్నీ దింపొచ్చాక మిమ్మల్ని ఒక్కరినే దాటిస్తానండి."

ఒళ్లు మండింది. షోరూముకు ఫోన్ చేస్తే "ఏమీ కాదు మేడమ్" అన్నారు. గట్టిగా అడిగితే మాత్రం, బ్యాటరీ అంటుకుంటే ఆర్పడం కష్టమే, ఆరిందనుకున్నది మళ్లీ రాజుకోవచ్చు అని నసిగారు. పంటు మీద మంట ఆర్పడానికి ఉన్నవి రెండు ఇసుక బకెట్లు. పెట్రోలు కారు అంటుకోదా అని వాదించబోయి, బల్లల మీద ఆడుకునే పిల్లలు గుర్తొచ్చి నోరు మూసుకున్నాను. సరంగు భయం ఉత్త చాదస్తం కాదు. అందుకే నాకు ఇంకా కోపం వచ్చింది.

అప్పటి నుంచి మహారాణిలా ఒక్కదాన్నే దాటాను. ముందు ట్రిప్పులో వెళ్లేవాళ్లు నవ్వుతూ చేతులూపేవారు. వాళ్ల మాటలు నీళ్ల మీంచి వినిపించేవి కానీ, ఏం మాట్లాడుకుంటున్నారో తెలిసేది కాదు. తర్వాత నేను, కారు, ఇంజను చప్పుడు. ఏడుపొచ్చేది.

ఒక ఆదివారం ఏటి నడుమకు వచ్చాక సరంగు అడిగాడు.

"మీకు ఈతొచ్చాండీ?"

"రాదు."

"పోనీ, ఏదన్నా అయితే ఎవరికి ఫోన్ చేయమంటారండీ?"

మంచికే అడిగాడు. నేను ఫోన్ తీసి పేర్లు పైకీ కిందికీ జరిపాను. పాలబ్బాయి, గ్యాసు ఆఫీసు, క్రిస్మస్‌కు మాత్రం పలకరించే తమ్ముడు. "ఆలోచించి చెప్తాలే" అన్నాను. ఒడ్డు వచ్చేసినా ఇంకా ఫోనే చూస్తున్నాను. అతను చూడనట్టు తాడు కట్టుకుంటూ ఉండిపోయాడు.

తర్వాతి ఆదివారం కారును ఇవతలి గట్టునే ఆపేశాను. హార్మోనియం మోసుకుంటూ జనంతో పాటు ఎక్కాను. అవతల చర్చి దాకా ఎండలో నడక, నా మోకాళ్లు నన్ను తిట్టని తిట్టు లేదు.

"కారుంచుకుని ఇదేం ఖర్మండీ టీచరుగారండీ?" అంటూ చేపల బుట్టావిడ జరిగి చోటిచ్చింది.

"అలవాటు తప్పకూడదని" అన్నాను.

సరంగు నా వంక చూశాడు కానీ, ఆ ప్రశ్న మళ్లీ అడగలేదు. ఇప్పుడు ఏదన్నా అయినా, కబురు పెట్టాల్సిన వాళ్లంతా నా పక్కనే ఉన్నారు.