తినని వెల్లుల్లి

కరోనా తగ్గిన మరుసటి ఏడు, కృష్ణపట్నానికి దక్షిణాన సముద్రపు ఒడ్డునున్న ఒక రొయ్యపిల్లల హేచరీలో ఆల్గే ల్యాబ్ ఇన్‌ఛార్జిగా చేరాను. నా ఉద్యోగంలో అదే చివరి మజిలీ. రొయ్యపిల్ల పుట్టిన రెండో రోజు నుంచి తినేది ఆల్గే అనే కంటికి కనబడని ఏకకణ పాచి. అది అందకపోతే తొట్టెలకు తొట్టెలే ఆకలితో చస్తాయి.

అందుకే కార్తీకంలో మంచి పాచిని చిన్న సీసాల్లో పోసి, ద్రవ నైట్రోజన్ డబ్బాలో గడ్డకట్టించి దాచాం. పశువుల ఆస్పత్రిలో ఆబోతు వీర్యం దాచే డబ్బాలాంటిదే అది. ఊరికే గడ్డకట్టిస్తే కణంలోని నీరు మంచు సూదులై పొరను చీల్చేస్తుంది. డి.ఎం.ఎస్.ఓ. అనే రసాయనం కలిపితే అది లోపలికి ఇంకి ఆ సూదుల్ని కట్టనివ్వదు. ఆ పని టెక్నీషియన్ రమణయ్యకు అప్పగించాను. చేయి తిరిగిన మనిషి. అప్పుడతను అయ్యప్ప మాలలో ఉన్నాడు.

తర్వాతి వేసవిలో ల్యాబ్‌లో పెంచుతున్న పాచి అంతా సూక్ష్మజీవులు పడి చచ్చిపోయింది. తల్లిరొయ్యలు గుడ్లు పెట్టడానికి రెండు వారాలే ఉంది. దాచిన సీసాలు కరిగించి ఆరు ఫ్లాస్కుల్లో పోశాం. మైక్రోస్కోపులో అన్నీ ఒక్కలాగే కనిపించాయి. ఈ పాచికి గాజులాంటి పెంకు ఉంటుంది. లోపల ప్రాణం పోయినా పెంకు చెక్కుచెదరదు. ఏది బతికుందో, ఏది శవమో తెలియక మూడు రోజులు ఆ తెల్లటి గదిలో వాటి ఎదుట కూర్చున్నాను. నిజం చెప్పొద్దూ, భయమేసింది. నాలుగో రోజుకు రెండు ఫ్లాస్కులు బంగారు రంగు తిరిగాయి. తక్కినవి తిరగలేదు.

రమణయ్యను పిలిచి అడిగాను.

"మొదటిరోజు సీసాలకే మందు కలిపినా సార్. సాయంత్రానికి నోరంతా తెల్లగడ్డ రుచి. నేను తిన్లా, ఇంట్లో వండలా. ఎవరో నోట్లో పెట్టినట్టు ఉన్నింది. మాల తప్పినానేమోనని వణుకొచ్చింది. ఆ మందులో ఏం కలిసుందోనని మర్నాటినుంచి దాన్ని ముట్టకుండా ఉత్త సముద్రపు నీళ్లే పోసినా" అన్నాడు.

నాకు విషయం అర్థమైంది. ఆ రసాయనం చర్మం గుండా రక్తంలోకి దిగుతుంది. కాసేపటికి ఏమీ తినని నోట్లో వెల్లుల్లి పుడుతుంది. గ్లోవ్స్ ఉతికి మళ్లీ వాడడం మా ల్యాబ్ అలవాటు. ఎక్కడో సూదిమొనంత చిల్లు ఉండివుంటుంది.

రెండు ఫ్లాస్కుల పాచి సగం తొట్టెలకే చాలింది. మిగతా తొట్టెల్లో పిల్లలు తెల్లబడి అడుగుకు చేరాయి. యాజమాన్యం రమణయ్యను తీసేస్తామంది. తప్పు నాదేనని రిపోర్టు రాసి సంతకం పెట్టాక గానీ అతని ఉద్యోగం నిలవలేదు.

"అది మందు గుణమే, తెల్లగడ్డ కాదని ఒక్క మాట చెప్పుంటే పోసేవాణ్ణే గదా సార్" అన్నాడతను, కోపం లేకుండానే.

రసాయనం కణాన్ని ఏం చేస్తుందో బోర్డు మీద బొమ్మ గీసి మరీ చెప్పాను. దాన్ని పట్టుకునే మనిషిని ఏం చేస్తుందో చెప్పలేదు. పని నేర్పేటప్పుడు ముందు చెప్పాల్సింది ఆ రెండోదే.