పదో తూటా

ఎనభైల్లో ఒక మధ్యాహ్నం మా కోస్గి బస్సును రాళ్ల క్వారీ దగ్గర ఎర్రజెండా చూపి ఆపారు. లోపల బండలు పగలగొట్టడానికి తూటాలు పేలుస్తున్నారు. చప్పుళ్లు ఆగగానే కూలీలు గుంతలోకి దిగబోయారు, మా డ్రైవర్ బండి స్టార్ట్ చేశాడు.

నా పక్కనున్న నడివయసు మనిషి కిటికీలోంచి జెండా మనిషిని అడిగాడు. "ఎన్ని వెట్టిండ్రు?"

"పది."

"తొమ్మిదే పేలినయ్! అందర్ని ఎనక్కి పిలువు!"

ఆ కేకకు కూలీలు పరుగెత్తుకొచ్చారు.

"నీకెట్ల తెలుసు?" అన్నాడు కండక్టర్ విసుగ్గా.

"చప్పుళ్లు లెక్కవెట్టిన. ఇరవై ఏండ్లు గిదే పని చేసిన సారూ. జర అరగంట ఆగుండ్రి," అంటూ రెండు చేతులూ చాచి చూపించాడు. పది వేళ్లూ చెక్కుచెదరకుండా ఉన్నాయి.

సంచిలోని సీతాఫలాలు అందరికీ పంచాడు. తింటూ కూర్చున్నాం. తూటా పేలలేదు. చివరికి క్వారీ మేస్త్రి ఒక్కడే వెళ్లి చూశాడు. పదో తూటా వత్తి సగంలోనే ఆరిపోయిందట.

"పేలకపాయె. ఉత్తగ ఆపిస్తివి," అన్నాడు కండక్టర్.

"పేలకపోతె మంచిదే కద సారూ!" అని ఆయన హాయిగా నవ్వాడు. బస్సంతా నవ్వింది.

ఆయన పేరు అడగలేదు. ఆ తర్వాత రైలు గేటు దగ్గర ఎంతసేపు ఆగినా నాకెప్పుడూ విసుగు రాలేదు.