వైజాగ్ విమానానికి చౌటుప్పల్ లెక్క

ముందే చెబుతున్నాను, మొన్న ఆదివారం జరిగినదాంట్లో విమానం తప్పేమీ లేదు. అది టైముకే దిగింది.

మా పిల్లలిద్దరూ వైజాగ్‌లో హాస్టల్లో ఉండి చదువుకుంటున్నారు. ఎప్పుడొచ్చినా రాత్రి బస్సే. పొద్దున బస్సు హైవే మీద చౌటుప్పల్ దాటగానే ఫోన్ చేస్తారు. అప్పుడు నేను సైదాబాద్‌లో ఇంటికి తాళం వేసి ఆటో ఎక్కితే, బస్సూ నేనూ ఒకేసారి ఎల్బీ నగర్ చేరతాం. ఇన్నేళ్ళలో ఈ లెక్క ఒక్కసారీ తప్పలేదు.

ఈసారి పెద్దమ్మాయి కీర్తన హాస్టల్ మెట్ల మీద జారి చెయ్యి విరగ్గొట్టుకుంది. కట్టుతో రాత్రంతా బస్సులో వద్దన్నాడు డాక్టర్. విమానం టికెట్ తీశాం. మొదటిసారి, ఒంటరిగా, ఒంటి చేత్తో. దిగగానే బ్యాగ్ అందుకోవడానికి నేను ఎదురుగా ఉండాలి. నా బెంగంతా అదే.

కానీ గాల్లోంచి ఫోన్ చెయ్యడం కుదరదు కదా. మరి చౌటుప్పల్ ఎట్లా తెలుస్తుంది? నెట్‌లో వెతికాను. రెండు ఎయిర్‌పోర్టుల మధ్య ఐదు వందల పైచిలుకు కిలోమీటర్లు, గంటంబావు ప్రయాణం. ఇంకో సైటు ఐదు నిమిషాలు తక్కువ చెప్పింది. ఆ ఐదు నిమిషాలు ఎక్కడ పోయాయో తేలక మూడో సైటు చూశాను. రన్‌వే టైము కలిపాను. బ్యాగులొచ్చే టైము కలిపాను. చివరికి విమానం ఎప్పుడు ‘చౌటుప్పల్ దాటుతుందో’ తేల్చి అలారం పెట్టుకున్నాను.

మా ఆయన దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల షాపులో పనిచేస్తాడు. ఆదివారం గిరాకీ రోజు, సెలవు దొరకదు. ఫోన్ చేసి, “పిల్ల ఎక్కింది గదా, నువ్వెందుకు పరేషాన్ అయితున్నవ్?” అన్నాడు.

“నా లెక్క నాకుంది,” అన్నాను.

అలారం మోగింది. తాళం వేసి లాగి చూశాను. మళ్ళీ తీసి గ్యాస్ చూసొచ్చాను. ఆటో ఎక్కాను. “యాడికమ్మా?” అంటే ఎప్పుడూ చెప్పేదే చెప్పాను.

ఎప్పుడూ నిలబడే చోటే నిలబడ్డాను. కుదురు లేదు. అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు. ఫోన్‌లో ‘ల్యాండెడ్’ అని వచ్చింది. నా లెక్క ఏమాత్రం తప్పలేదు. ఒక బస్సు వచ్చింది, దిగేవాళ్ళ ముఖాలన్నీ చూశాను. ఇంకోటి వచ్చింది.

చాయ్ బండాయన అడిగాడు. “ఏ బస్సక్కా? లేటయిందా?”

“బస్సు కాదన్నా, విమానం. దిగిందట.”

ఆయన గ్లాసు కడగడం ఆపి రోడ్డు వైపోసారి, ఆకాశం వైపోసారి చూశాడు. “గిక్కడికా?”

అప్పుడు ఆగాయి నా కాళ్ళు.

అంతలోనే ఫోన్. “అమ్మా, బయటికొచ్చిన. నువ్వెక్కడున్నవ్?”

“చాయ్ బండి దగ్గర.”

“ఎయిర్‌పోర్ట్ల చాయ్ బండి యాడిదమ్మా?”

“ఎల్బీ నగర్‌ల.”

నవ్వు ఆపుకుంటోందని తెలుస్తూనే ఉంది.

“బ్యాగ్ ఎట్ల మరి? చెయ్యి కదిలిస్తున్నవా? ఇప్పుడే క్యాబ్ ఎక్కుతా...” అన్నాను.

“ఆగమ్మా. పక్క సీటు ఆంటీ బ్యాగ్ ట్రాలీ మీద పెట్టింది. ఆమెదీ ఎల్బీ నగరే, ఇద్దరం ఎయిర్‌పోర్ట్ బస్సులో వస్తం. నువ్వు ఉన్న చోటనే ఉండు. ఎవరు పిలిచినా పోకు. ఫోన్ చార్జింగ్ చూస్కో.”

పొద్దున నేను దానికి చెప్పిన మాటలే. వరుస కూడా మారలేదు.

“చాంద్రాయణగుట్ట దాటినాక ఫోన్ చేస్తా,” అని పెట్టేసింది.

బెంచీ మీద కూర్చున్నాను. చాయ్ బండాయన అడక్కుండానే ఒక గ్లాసు చేతికిచ్చి, “ఏమైందక్కా, విమానం వస్తలేదా?” అన్నాడు.

“విమానం ఎప్పుడో వచ్చిందన్నా. నన్ను తీస్కపోనీకి మా బిడ్డ బస్సుల వస్తున్నది.”