చెవి మేస్త్రి అంటించిన టేపు

ఆ వీధిలో కార్లు బాగుచేసే అతన్ని చెవి మేస్త్రి అనేవారు. స్క్రూడ్రైవరు పిడి చెవికి ఆనించుకుని, ఇంజను విప్పకుండానే దాని జబ్బు చెప్పేవాడు. పిల్లనిచ్చిన మామ మీద లేని గౌరవం అతనికి తన చెవి మీద ఉండేది.

అక్క మొగుడు టాక్సీ నడిపేవాడు. కొత్తగా కొన్న కారు తెచ్చి, "ఓసారి వినరా," అన్నాడు. గాలి లాగే వాల్వులు అరకొరగా లేస్తున్నట్టు వినిపించింది. మేస్త్రి ఎరిగిన ఇంజన్లలో వాల్వు ఎప్పుడూ ఒకే ఎత్తు లేస్తుంది. "దీనికి ఊపిరాడట్లేదు బావా," అంటూ వాల్వుల పక్కనున్న చిన్న మోటారు వైరు పీకేశాడు. వాల్వులు పూర్తిగా లేచాయి. స్టీరింగు ముందున్న మీటర్లో పసుపు దీపం వెలిగితే దాని మీద నల్ల టేపు ముక్క అంటించి, "ఇవి ఊరికే బెదిరిస్తాయిలే," అన్నాడు.

ఆనాటి నుంచి కారు పెట్రోలును మంచినీళ్లలా తాగసాగింది. బావ యాక్సిలరేటరు తొక్కే తన కాలినే అనుమానించాడు. పెట్రోలు మిగులుతుందేమోనని ఎండలో ఏసీ ఆపేస్తే, ఎక్కినవాళ్లు తిట్టి దిగిపోయేవారు. "మీకు నడపడం రాకుండా పోయింది," అని అక్క సాధించేది.

ఇంతలో స్పేర్ పార్ట్సు కొట్టులో, లోపలి భాగాలు కనిపించేలా కోసిపెట్టిన అలాంటి ఇంజనే మేస్త్రి కంటబడింది. చేత్తో తిప్పి చూశాడు. వాల్వు ఎంత లేవాలో ఆ చిన్న మోటారే మారుస్తోంది. నెమ్మదిగా వెళ్లేటప్పుడు కొద్దిగా, బరువు లాగేటప్పుడు పూర్తిగా. పాత ఇంజన్లలో గాలిని ముందే థ్రాటిల్ అనే మూత దగ్గర అడ్డుకోవాలి, అప్పుడు ఇంజను ముక్కు మూసుకుని పరుగెత్తే మనిషిలా ఆయాసపడుతుంది. ఆ ఆయాసానికే పెట్రోలు దండగ. కొత్తదానికి ఆ బాధ తప్పించారు. తను వైరు పీకి ఆ బాధే మళ్లీ తగిలించాడు.  మేస్త్రి కొట్టువాడి మొహం చూడలేక బయటపడ్డాడు.

గుట్టుచప్పుడు కాకుండా వైరు తగిలించి వద్దామని అక్క ఇంటికి వెళ్లాడు. బావ గుమ్మంలో కారు తుడుస్తున్నాడు.

"రేపు దీన్ని అమ్మేస్తున్నానురా. నా కాలు మొద్దుబారింది. ఎక్కడైనా వాచ్‌మన్ పని చూసుకుంటాను."

అక్క కాఫీ తెచ్చింది. మేస్త్రి గ్లాసు అందుకోలేదు.  కారెక్కి, తాళం తిప్పి, టేపు పీకాడు. పసుపు దీపం ఇంకా వెలుగుతూనే ఉంది.

"తప్పు నీ కాలిది కాదు బావా. నా చెవిది." వైరు సంగతంతా చెప్పాడు.

అక్క తన మొగుడి వైపు చూడలేక లోపలికి వెళ్లిపోయింది. బావ వంగి ఆ దీపాన్ని చూశాడు. కోప్పడినా బాగుండేది.

"నా కాలిని రోజూ అనుమానించానురా," అన్నాడు. "నీ చెవిని ఒక్కసారి కూడా అనుమానించలేదు."