నాయనమ్మ నొక్కిన మాటలు

నా ఫ్లాట్ తార్నాకలో, ఆ పిల్ల ఇల్లు మాణికేశ్వర్ నగర్‌లో. మధ్యలో యూనివర్సిటీ క్యాంపస్ ఒక్కటే అడ్డం. అయినా మేం కలుసుకునేది వీడియో కాల్‌లోనే. నేను స్పీచ్ థెరపిస్టుని. ఏడేళ్ళ ఆ పిల్లకి మాట రాదు, నడక రాదు, చెయ్యి వణుకుతుంది. ఆ సందుల్లోంచి ఎత్తుకుని, ఆటో ఎక్కించి మా సెంటర్‌కి తెచ్చేసరికి పిల్ల అలిసిపోయేది, తెచ్చినవాళ్ళు అంతకంటే అలిసిపోయేవాళ్ళు. అందుకని క్లాసు ఆన్‌లైన్‌కి మార్చాం.

మా సెంటర్ ఆ పిల్లకి ఒక ట్యాబ్ ఇచ్చింది. తెర నిండా బొమ్మల గడులు. గడి మీద వేలు పెడితే ఆ మాట పైకి పలుకుతుంది. కొన్నాళ్ళు వాడి చూడమని ఇచ్చిందే అది. పిల్లకి పనికొస్తోందని నేను రాసిస్తే ఉంచేస్తారు, లేకపోతే వరసలో ఉన్న ఇంకో పిల్లకి వెళ్ళిపోతుంది.

తల్లి పొద్దున్నే క్యాంపస్ హాస్టల్ మెస్‌లో వంటకి పోతుంది. కాబట్టి క్లాసులో పిల్లా ట్యాబూ నాకు కనబడేలా తన ఫోన్ నిలబెట్టి, పిల్ల పక్కన కూర్చునేది నాయనమ్మ. చిక్కంతా ఆమెతోనే. మా పనిలో అడగడం కంటే ఆగడం ముఖ్యం. ఒక ప్రశ్న వేసి, నోరు మూసుకుని, పిల్ల వేలు గడి దాకా చేరేంతవరకు ఓపిక పట్టాలి. నాయనమ్మకేమో నిశ్శబ్దం అంటే పడదు.

"ఏం కావాలి తల్లీ?" అని నేనడగడమే ఆలస్యం, "ఆకలైతున్నదంట మేడం" అని ఆమె జవాబు చెప్పేసేది.

"రోంత సేపు గమ్మునుండండి పెద్దమ్మా," అనేదాన్ని. కోపమొస్తే నాకు మా సీమ మాటే వస్తుంది.

"గదేంది మేడం, పిల్లను అడిగితే నేను చెప్పొద్దా?"

నిజానికి వసపిట్టనైన నాకే ఆ ఆగడం అలవాటవడానికి చాలా కాలం పట్టింది. ఆమెను అని ఏం లాభం?

ఉన్నట్టుండి ఒక వారం ట్యాబ్ గలగలా మాట్లాడటం మొదలుపెట్టింది. నేను ఉబ్బితబ్బిబ్బయ్యాను. నా పనితనానికి నేనే మురిసిపోయి సెంటర్‌లో అందరికీ చెప్పుకున్నాను కూడా. తీరా చూస్తే పిల్ల రోజూ చాయ్ అడుగుతోంది. కాలు నొప్పి అంటోంది. చాయ్ వాసనే గిట్టని పిల్లకి ఇదేం కోరికని అనుకుంటుండగా, నా ఫోన్ తెర అడుగు నుంచి ఆకుపచ్చ మట్టిగాజుల చెయ్యి ఒకటి మెల్లగా వచ్చి, గడి నొక్కి మాయమైంది.

నవ్వాలో తిట్టాలో తెలియలేదు. "పెద్దమ్మా, ఏం పని ఇది?"

ఆమె చెయ్యి కొంగులో దాచుకుంది. "ఇది మాట్లాడకపోతే మీరు డబ్బ గుంజుకపోతరంట గద మేడం. నా బిడ్డ మల్ల నోరు లేనిదైతది. గందుకే నొక్కిన."

ఆ ముసలామె మీద నాకెంత ప్రేమ పుట్టిందో చెప్పలేను. కానీ ఆమె నొక్కిన మాటల్ని పిల్ల మాటలని రాసివ్వలేను కదా. అదే చెప్పి, చేతుల మీద కూర్చోమన్నాను. కూర్చుంది.

"ఏం కావాలి తల్లీ?"

నా వంటింట్లో కుక్కర్ కూత పెట్టింది. వాళ్ళ సందులో ఎవరో నీళ్ళ దగ్గర కొట్లాడుకుంటున్నారు. పిల్ల వేలు లేచింది, వణికింది, పక్కకి జారింది. నాయనమ్మ ఇక ఉండబట్టలేక చెయ్యి చాపింది. పిల్ల మోచేత్తో ఆ చేతిని నెట్టేసింది. ఒక్కో గడి వెతుక్కుంటూ నొక్కింది.

"నాయనమ్మ." "ఆగు." "నేను."

"సూసిన్రా మేడం, నన్నే ఆగుమంటున్నది!" అంటూ ఆమె లేచింది. ఇక ట్యాబ్ ఎక్కడికీ పోదని నేను చెప్పింది సగమే విని, కళ్ళు తుడుచుకుంటూ, కాలు నొప్పి మాట మరిచి, ఆ సంగతి చాటడానికి వీధిలోకి పరిగెత్తింది.

తెర ముందు పిల్ల ఒక్కతే మిగిలింది. మళ్ళీ వేలు లేచింది. "అమ్మ." "ఫోన్."

తల్లిని కాల్‌లో కలిపాను. వెనకాల మెస్ గిన్నెల మోత. "ఏమైంది మేడం?" అని కంగారుగా అడిగింది. నేను నోరు మూసుకున్నాను.

"అమ్మ," అంది ట్యాబ్.

గిన్నెల మోత దూరమైంది. తర్వాత తల్లి చిన్నగా అడిగింది. "అత్తమ్మ నొక్కిందా మేడం?"

"మీ అత్తమ్మ ఇంట్లో లేదు. వీధిలో ఉంది."

ట్యాబ్ మళ్ళీ "అమ్మ" అంది. ఈసారి తల్లి నన్నేమీ అడగలేదు.

"ఆఁ బిడ్డా," అంది, "గీడనే ఉన్న, చెప్పు."