పియానోలో మా గూడ

నిన్న పొద్దున రాగిసంగటి కెలుకుతుంటే మా అమ్మాయి వచ్చి ఫోను నా చెవికి ఆనించింది. ధర్మపురిలో పిల్లలకు పియానో నేర్పే ఈ పిల్ల, కారిమంగళం పక్కనున్న మా పుట్టింటి ఊరి జమ్ముమడుగును బాగుచేయించాలని, తోడు వాద్యమేదీ లేకుండా తానొక్కతే వాయించి ఆల్బమ్ చేసింది. అది కొన్నవాళ్ళ డబ్బంతా ఆ మడుగుకే. నేనే ఇన్నాళ్ళూ వినలేదు.

"రెండో పాట నీదే అమ్మా, విను," అంది.

నా పాటేమిటి నా మొహం అనుకుంటూనే విన్నాను. కాసేపటికే చేతిలో తెడ్డు ఆగిపోయింది. అది మా గూడ లయ.

మన ఈడువాళ్ళకు గూడంటే చెప్పక్కర్లేదు. గుంటకు చెరో పక్క నిలబడి, తాళ్ళు కట్టిన బుట్టను ఇద్దరం ఊపి, నీళ్ళు ముంచి పై మడిలోకి పోసేవాళ్ళం. ఎండాకాలం ఆ మడుగు నీళ్ళతోనే నాయన రాగినారు బతికించేవాడు. అక్కతో జతగా గూడ పట్టిన కొత్తలో నాలుగో ఊపుకు నా చెయ్యి వెనకబడేది, బుట్ట ఒరిగేది, నాయన తిట్లు గట్టు దాటేవి. కొన్నాళ్ళకు ఒరగడం మానింది. నాకు చేతనైందని తెగ మిడిసిపడ్డాను. ఆ లయతోనే తర్వాత మా అమ్మాయిని జోకొట్టేదాన్నట, నాకే తెలియదు.

మోటర్లు వచ్చాక గూడ అటకెక్కింది. కూల్చిన ఇళ్ళ మట్టి తెచ్చి మడుగులో పోస్తుంటే ఒక్కరమూ నోరెత్తలేదు, చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గే. ఇంకొన్నాళ్ళు పోతే మడుగన్నదే మిగిలేది కాదు. అమ్మాయి పూనుకున్నప్పుడు, మడుగును ఏరి అనే మా అన్న, "పెట్టె వాయిస్తే ఏరి నిండుతాదా పాపా?" అని నవ్వాడు. మొన్నటి వానకు అదే అన్న నన్ను వెంటబెట్టుకుపోయి చూపించాడు: మట్టి ఎత్తేసిన చోట మోకాలిలోతు నీళ్ళు, జమ్ములో నీటికోళ్ళు. దారిలో కనబడిన ప్రతివాళ్ళకూ, "మా పాప చేసినాది," అని చెప్పుకున్నాడు. కన్నతల్లిని పక్కనే ఉన్నాను, నాకు వంతే రానివ్వలేదు.

నీళ్ళయితే తిరిగొచ్చాయి గాని గూడ పట్టే చేతులు ఊళ్ళో లేవు. అక్క పోయి చాలాకాలమైంది. ఆ పాటలో నాలుగో ఊపుకు, నా చెయ్యి జోకొట్టినట్టే, పియానో ఒక్క క్షణం ఆగి మళ్ళీ సాగుతుంది. అక్కడే నాకు తెలిసింది, బుట్ట ఒరగకపోవడం నా నేర్పు కాదని. వెనకబడ్డ నా కోసం, నాయనకు తెలియకుండా, అక్క ప్రతిసారీ తాడు బిగబట్టి ఆగేది.